వెనక సీటు

కారు కొనేవాళ్ళ వెంట వెళ్ళి
కొనొద్దని చెప్పడం నా పని.
అందుకే కిసుములో బండ్లమ్మేవాళ్ళకి
ఓచోలా మెకానిక్ అంటే
పంటి కింద రాయి.

ఇవాళ అవూర్ అక్కతో వచ్చాను.
కాన్పుల వార్డులో నర్సు, ఇరవై రెండేళ్ళుగా.
బ్యాగు అడుగున, మడిచిన స్వెటర్ కింద
చీటీ పాడిన డబ్బు:
ఐదు లక్షల ఎనభై వేల షిల్లింగులు.
"అప్పు మాత్రం చెయ్యను" అంది దారిలోనే,
నేనేదో చెయ్యమన్నట్టు.

సరస్సు మీంచి చేపల వాసన గాలి.
జపాన్‌లో ఎవరెవరికో చాకిరీ చేసి
ఓడ దిగొచ్చిన చిన్న కార్లు
వానకి తడిసిన కోడిపిల్లల్లా వరసగా.
అన్ని టైర్లకీ నిగనిగలాడే నలుపు,
రెండో పెళ్ళివాడి మీసానికి వేసినట్టు.

"ఒక్క టీచరమ్మ నడిపిన బండి" అన్నాడు వన్యామా
తెల్లదాని నెత్తి తడుతూ.
అమ్మకానికొచ్చిన ప్రతి కారూ
ఏదో ఒక టీచరమ్మదే.
మీటరు చూస్తే అరవై వేల కిలోమీటర్లు.
బ్రేకు పెడల్ రబ్బరు చూస్తే
అరిగి అరిగి నున్నటి గుండ్రాయి.
మీటరు అబద్ధమాడగలదు,
రబ్బరుకి ఆ విద్య రాదు.

బూడిదరంగుది మంచి పిల్ల.
ఆయిల్ తేనె రంగులో ఉంది,
ఇంజన్ మీద చెయ్యి పెడితే
ఎండలో కునుకు తీసే పిల్లి.
"ఇదే, అక్కా. కళ్ళు మూసుకుని తీసుకో."

ఆమె కళ్ళు మూసుకోలేదు.
బానెట్ వైపు చూడనూ లేదు.
వెనక తలుపు తీసి, చెప్పులు విడిచి,
సీటు మీద వెల్లకిలా పడుకుంది,
మోకాళ్ళు పైకి.
వన్యామా నన్ను చూశాడు.
నేను ఆకాశాన్ని చూశాను.

లేచి, తలుపు వేసి, తల అడ్డంగా ఊపింది.
తరవాతి దాంట్లో పడుకుంది. దానికీ అంతే.
చివరికి ఆ నీలంది:
దీపాలకి శుక్లాలు,
ఒక తలుపుది వేరే నీలం,
ఏసీ ఎప్పుడో చచ్చింది.
అందులో మాత్రం చాలాసేపు ఉండిపోయింది.
నిద్రపోయిందేమో అనుకున్నాను.

"దీని తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది" అంది లోపలినుంచే.
"కాళ్ళ దగ్గర నేను కూచోడానికి జాగా ఉంది."

అప్పుడు చెప్పింది, సీటు కుట్లు వేలితో తడుముతూ.
పోయిన మార్చి, తెల్లవారుజామున మూడింటికి,
మోటార్‌సైకిల్ మీద డ్రైవరుకీ తనకీ మధ్య
నొప్పులు పడుతున్న మనిషి.
నాలుగు కిలోమీటర్లు, బురద, వాన.
బిడ్డ ఆసుపత్రి దాకా ఆగలేదు.
"పిల్ల బతికింది. ఇప్పుడు పాకుతోంది కూడా" అంది.
తల్లి మాట ఎత్తలేదు.
నేను అడగలేదు.

వన్యామా ఆరు ముప్ఫై అన్నాడు.
నేను ఏసీ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను.
అక్క ఏమీ అనలేదు, వాడి మొహం చూస్తూ నిలబడింది.
ఎదురుచూడటం ఆమెకి ఉద్యోగం.
ఆరు అన్నాడు. ఐదు తొంభై. దగ్గాడు.
ఐదు డెబ్బై ఐదు దగ్గర వాడి గుండె జారింది.
మిగిలిన ఐదు వేలు వైపర్లకి,
నా ఫీజు వచ్చే నెల.

తాళం తిప్పగానే
లోపలెక్కడినుంచో ఒక జపాన్ ఆవిడ గొంతు,
మెల్లగా, రెండు ముక్కలు.
"ఏమంటోంది?"
"ఏదో కార్డు పెట్టలేదంటుందట. అన్నీ అదే గోల."
"ఎంత మర్యాదగా అంటోందో" అంది అక్క,
ఆమె వార్డులో అలా ఎవరూ మాట్లాడరు.

గేటు దాటాం. బండి ఆగిపోయింది.
గేటు దాటేంత పెట్రోలే పోశాడు మహానుభావుడు.
బంకు ఎదురుగా కనిపిస్తోంది, కాస్త ఎత్తు మీద.
నేనూ వన్యామా వెనక భుజాలు ఆనించాం.
కిటికీలోంచి వినిపించింది
రాత్రుళ్ళు ఆ గోడలన్నీ విన్న గొంతు:

"ఊపిరి బిగబట్టకు, వదులు.
ఇప్పుడు. ఇంకొంచెం.
ఇంకొక్కసారి, అయిపోయింది, అయిపోవచ్చింది..."

ఇంకా సగం దూరం ఉంది.
ఆ గొంతుకి ఎదురు చెప్పే ధైర్యం
మా ఇద్దరిలో ఎవరికీ లేదు.