రంగు పట్టాలంటే

మొదటిసారి చూసినప్పుడు
భయం వేయలేదు, పేరు వెతికాను.
లక్క కాదు, అది మరీ కెంపు.
మంజిష్ఠ. పటిక తక్కువైన మంజిష్ఠ.
ముప్పై నాలుగేళ్లు కొవిల్యా ఉన్ని మిల్లులో
అద్దకపు తొట్టి దగ్గర నిలబడ్డవాడికి
తన ఒంటేలు కూడా ఒక నమూనా ముక్కే.

నొప్పి లేదు. అదే మోసం.
మర్నాటికి తేటపడింది.
బీట్‌రూట్ తిన్నావుగా, అంది ఎర్మీనియా.
మూడు వారాలు నేనూ బీట్‌రూట్‌నే నమ్మాను.

డాక్టరమ్మకు నా చిన్నకూతురి వయసు.
సిగరెట్లు ఎన్నని అడిగి రాసుకుంది.
పని ఏమిటని అడిగింది.
చెప్పాను: పొడి రంగులు, తొడుగులు లేని చేతులు,
వేసవి చెమట మీద వాలే నీలం దుమ్ము.
కలం కింద పెట్టేసింది.

లోపలికి సన్నటి గొట్టం, దాని కొసన దీపం.
తెర మీద నా మూత్రాశయం,
డెబ్బై రెండేళ్లు మోసి ఎన్నడూ చూడని గది.
గోడకి ఓ మూల
నీళ్లలో ఊగుతూ చిన్న కుచ్చు,
దువ్వని ఉన్నిలా.
అందంగానే ఉంది, ఏం చెప్పను.

తీగ ఉచ్చుతో గీకి తీశారు.
కండరం దాకా పోలేదట.
"దాకా" అన్న మాటకి
ఇంత బరువుంటుందని తెలీదు.

ఇప్పుడు వారానికోసారి, ఆరు వారాలు,
పసిపిల్లల జబ్బకి వేసే క్షయ టీకా మందు
కిందినుంచి లోపలికి నింపుతారు.
రెండు గంటలు ఆపుకోవాలి.
వెల్లకిలా, ఎడమకి, బోర్లా, కుడికి,
పదిహేను నిమిషాలకోసారి తిరగాలి.
నర్సు ఫిలొమేనా వివరిస్తుంటే నవ్వొచ్చింది.
అమ్మా, ఇది నాకా చెబుతున్నావు!
చిలప తిప్పకపోతే చారలు పడుతుంది,
ప్రతి పోగుకీ రంగు అందాలి.
ఆ కర్ర తిప్పినవాడే
ఇవాళ చిలప.

ఆ తర్వాత దొడ్లో బ్లీచింగ్ పోసి పావుగంట ఆగాలి.
చలువ చేయడమూ నా పాత పనే.
రాత్రికి చలిజ్వరం, ఒంటికెళ్తే నిప్పు.
మందు పనిచేస్తోందనుకో, అంటుంది ఫిలొమేనా.
అనుకుంటున్నాను.

మిల్లు కింది ఏరు ఒకప్పుడు
సోమవారం ఎర్రగా, గురువారం నీలంగా పారేది.
ఇప్పుడు అడుగున రాళ్లు కనిపిస్తాయి.
ఆ తేటని నేను పూర్తిగా నమ్మను.

నిన్న పక్క తొట్టి సిల్వేరియోకి ఫోన్ చేశాను.
బంతాట, మోకాళ్లు, కొండ మీద మంచు
అన్నీ అయ్యాక అడిగాను:
ఎప్పుడైనా ఎర్రగా పడిందా, ఒక్కసారైనా?

అవతల టీవీ గొంతు తగ్గింది.
"ఏ ఎరుపు?" అన్నాడు.