టాపు లేని బండి

హన్మకొండ షోరూంల ఏసీకి చెవులు చల్లబడ్డయి.
టై కట్టిన పిలగాడు నన్ను "సార్" అన్నడు.
ముప్పై మూడేండ్ల సర్వీసుల
ఆ మాట నా దిక్కు వచ్చుడు అదే మొదలు.
ఇరవై రెండు లక్షల బండి,
డోరు మూస్తే దూదిమూట పడ్డట్టు చప్పుడు.
"గిది చూడున్రి" అని మీట నొక్కిండు.
నెత్తిమీద అద్దం జరిగి
తువ్వాలంత ఆకాశం కనబడ్డది.

బామ్మర్ది మొండయ్య అప్పటికే వెనుక సీట్ల కూసోని
ఫోటోలు దిగుతున్నడు.
నా గ్రాట్యుటీ పైసలు ఆయన జేబులున్నట్టు
రంగు కూడ ఖాయం చేసిండు.

నేను మాత్రం
వేలి మెటికలతోని రూఫును రెండుసార్లు కొట్టి చూసిన.
పిలగాడు నవ్విండు. "స్ట్రాంగే సార్."
వానికేం ఎరుక.
నేను టింబర్‌మన్ను.
కేటీకే ఐదో ఇంక్లైన్ల
రూఫును కొట్టి, చెవి పెట్టి,
అది చెప్పింది వినుడే నా కొలువు.
ఖంగుమంటే గట్టిది.
బొదబొదమంటే ఉరుకు.
గట్టయ్య ఉరకలె.
ఆనాడు దిమ్మె నిలబెట్టింది నేనే.
నేను కొట్టి చూసిన జాగకు
మూరెడు అవతల కూలింది.
ఎంక్వైరీల నా తప్పేం లేదని రాసిన్రు.
ఆ కాయితం బీరువాల ఉన్నది.

ఖాజీపేట. సర్వర్ పాషా షెడ్డు.
టార్పాలిన్ గుంజితే ఎర్రది,
ఎర్రదంటే ఎర్రది గాదు,
ఎండకు ఎలిసిన మిరపకాయ రంగు.
మొలబంటి ఎత్తు, రెండే సీట్లు.
గోవాల పుట్టిందట.
రైల్వే డాక్టరొకాయన మోజుపడి కొన్నడట,
నడుము పట్టి అమ్ముకున్నడట.
"ఫైబరు బాడీ, తుప్పు పట్టది.
ఇంజనే కొంచెం దగ్గుతది" అన్నడు పాషా,
"మీరు దగ్గుతలేరా ఏంది!"
రెండు లక్షల ముప్పై వేలు.
బేరమాడితే పదివేలు తగ్గి
ఒక జాకీ ఎక్కువిచ్చిండు.

"టాపేది?" అడిగింది కనకలచ్చి.
"ఉండె అమ్మా. ఎలుకలు కొరికినయ్."

ఆమె నా మొఖం దిక్కు చూసింది.
ఎండకాలం చలికాలం నా మంచం డాబా మీదనే ఎందుకో
ఆమెకు తప్ప ఎవ్వలకూ తెల్వదు.
మొండయ్య అడ్డం పడ్డడు.
"బావా, ఊరు నవ్వుతది.
ఈ వయసుల గిదేం పోరగాండ్ల షోకు?"
"నవ్వనియ్" అన్నది ఆమె.
కొంగు నడుముకు చెక్కి,
డోరు తెరుసుడు రాక,
దాన్ని దాటి కాలు లోపలేసింది.
మూడో సీటు లేదు గద,
మొండయ్య బస్సెక్కిండు.

గుడెప్పాడు దాటినంక
పత్తి చేన్ల మందు వాసన
ఏ అడ్డం లేకుంట మీద పడ్డది.
లారీ డ్రైవరు పైనుంచి వంగి
"పెద్దాయినా, మూత యాడ పడగొట్టుకున్నవ్?" అన్నడు.
పరకాల సెంటర్ల ఈలలు.
ఇంజన్ దగ్గింది. నేను దగ్గిన.

రేగొండ కాడ పొద్దు గూకింది.
గుంతల పడి బండి ఎగిరితే
అలవాటుకొద్ది కుడిచెయ్యి పైకి లేచింది,
మెటికలు మడిచి, కొట్టి చూద్దామని.
ఏం తగల్లె.
ఇంకింత చాపిన.
తగల్లె.
"స్టీరింగు పట్టుకో" అన్నది కనకలచ్చి.
పట్టుకున్న.

భూపాలపల్లి బోర్డు కనబడంగనే చినుకులు.
మొదటిది అద్దం మీద, రెండోది నా బట్టతల మీద.
"ఆ ఇరవై రెండు లక్షల దాంట్లయితే
తడవకపోదుము" అన్నది.
"తడవకపోదుము" అన్న.

ఇంటి ముందు బండి ఆగింది గని
ఇద్దరం దిగలె.
వాన ఎక్కువైంది.
పక్కింటి పోరి గొడుగు పట్టుకొని ఉరికొచ్చి,
ఎవ్వలికి పట్టాల్నో తెల్వక
తనే దానికింద నిలబడ్డది.