జేబులో నాలుగు నాబ్‌లు

పొయ్యికున్న నాలుగు నాబ్‌లూ పీకి
కోటు జేబులో వేసుకు తిరుగుతున్నాను,
ఇవాళ్టికి పదకొండు రోజులు.
బస్సు మలుపు తిరిగినప్పుడల్లా
ఒకదాన్నొకటి తగిలి చప్పుడు చేస్తాయి
దొంగసొమ్ములా.

మాడిన గిన్నె ఇంకా బాల్కనీలోనే ఉంది,
అడుగున నలుపు, పైన మంచు.
ఆ రోజు మూడో అంతస్తంతా పొగ,
కింద నుంచి కేకలు.
అత్తయ్య తలుపు తీసి, నవ్వుతూ
"ఎవరింట్లోనో ఏదో మాడుతోంది" అంది.

ఆమె పేరు హిల్యా.
మా ఎస్టోనియా మాటల్లో అది "ఆలస్యం".
పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గానీ
దేనికీ ఆలస్యమైన మనిషి కాదు.
ముప్పై ఏళ్ళు వోరు పాలకేంద్రం గేటు ముందు
తెల్లవారి నాలుగింటికే నిలబడింది.
ఇప్పుడే,
మాట ముందొస్తుంది,
దాని అర్థం తర్వాతి బండిలో.

నాబ్‌లు లేని పొయ్యిని చూసింది.
ఏమీ అనలేదు.
బయటికి పొడుచుకొచ్చిన ఇనప కాడల్ని
పళ్ళూడిన చిగుళ్ళను తడిమినట్టు
ఒక్కొక్కటీ తడిమింది.

ఆదివారం. బయట మైనస్ ఇరవై రెండు.
గడ్డకట్టిన తమూల సరస్సు మీద
గాలం వేసుకు కూర్చున్నవాళ్ళు
చుక్కల్లా, కదలకుండా.
వంటింట్లో డబ్బా మూత ఊడిన చప్పుడు.
పరుగెత్తాను.

కమ పిండి.
బార్లీ, రై, ఓట్స్, ఎండు బఠాణీ,
గుప్పెడు పెద్ద చిక్కుడు గింజ,
దోరగా వేయించి విసిరినది.
మూత తీయగానే ఇల్లంతా
ఎండిన పొలం వాసన.

"దీనికి పొయ్యెందుకే పిల్లా,"
నా వైపు చూడకుండానే అంది,
"కాలాల్సింది మిల్లువాడి దగ్గరే కాలింది.
మిగిలింది తడపడమే."

పుల్లటి మీగడ మూడు గరిటెలు.
పిండి దోసిలితో.
కొలత గిన్నె అందిస్తే
తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది, బొమ్మని పెట్టినట్టు.
నేను గరిటె తిప్పబోతే చెయ్యి పట్టుకుంది.
"ఆగు. దాని దాహం తీరనీ."
ఇద్దరం నిలబడి చూశాం.
పిండి మెల్లగా తాగింది,
ఉబ్బింది, పైన సన్నగా బీటలిచ్చింది.
అప్పుడు వెన్న, గుడ్డులో సగమంత.
గ్లాసు నీళ్ళలో మొలిచిన ఉల్లికాడ
కత్తెరతో కత్తిరించి.

ఉప్పు వేసింది.
కలిపింది.
ఉప్పు వేసింది.
నేను నోరు తెరిచి, మూశాను.
ఆమె చెయ్యి మళ్ళీ ఉప్పు డబ్బా దాకా వెళ్ళి
అక్కడే ఆగింది.
"వేశానా?"
"వేశారు."
"ఎన్నిసార్లు?"
"సరిపడా."
కాసేపు నా ముఖంలోకి చూసింది,
పాలలో నీళ్ళున్నాయేమోనని చూసే చూపు.

నల్ల రొట్టె మీద కత్తి వెనక వైపుతో
మందంగా రాసి ఇచ్చింది.
నాలుక మీద ముందు ఉప్పు, సముద్రమంత.
దాని వెనక ఎక్కడో దూరంగా
కమ్మగా వేగిన వాసన,
తన పని తాను చేసుకుని
ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయిన నిప్పుది.
మా ఆయన ఐగర్ రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.
ఇంకో ముక్క అడిగాడు.
ఆ మనిషిని నేను పెళ్ళాడినందుకు
చాలా రోజుల తర్వాత సంతోషించాను.

సాయంత్రం పాలకని కోటు తొడుక్కుంటుంటే
జేబు గలగలలాడింది.
"ఏమిటే అది?"
"చిల్లర."
"బాగానే కూడబెట్టావు," అంది
అల్లిక మీంచి తలెత్తకుండా.

రాత్రి ఫ్రిజ్ తెరిచాను.
మిగిలిన ముద్ద, మీద తడిగుడ్డ,
గుడ్డ మీద చిన్న కాగితం,
ఒకప్పుడు పాల క్యాన్లకి కట్టినట్టు
దారంతో కట్టి:
తేదీ, గంట, పొడి అక్షరాల సంతకం.
కింద, "ఉప్పు పడింది."
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
సంవత్సరం ఒక్కటే
పాలకేంద్రం మూతపడక ముందుది.