ఎర్ర గడి

చనిపోయిన తేదీ: పద్నాలుగు.
నిర్ధారణ తేదీ: ఇరవై ఐదు.
ఎంటర్ నొక్కగానే గడి ఎర్రబడింది.
తేదీలు సరిచూసుకోండి, అంది కంప్యూటరు.

సరిగ్గానే ఉన్నాయి.
ఈ ఫారం కట్టినవాడి లోకంలో
ముందు జబ్బు తెలుస్తుంది, తర్వాతే మనిషి పోతాడు.
బెంగుళూరులో మా మూడో అంతస్తుకి
కాగితాలు ఆ వరుసలో రావు.

వెంకటరవణప్ప, నలభై మూడు, లోడింగు కూలీ,
యశవంతపుర యార్డు.
ఆసుపత్రి రాసింది: జ్వరం, కారణం తెలీదు, గుండె ఆగింది.
(గుండె ఆగకుండా పోయినవాళ్ళుంటే చూపించండి.)
శవాన్ని అప్పగించే ముందు
ఎవరో డ్యూటీ డాక్టరు, సంతకం కోడిగీతలా ఉంది,
ఒక గొట్టం రక్తం ఐసులో పెట్టి పంపింది.
ఆ రక్తం పదకొండు రోజులు వరుసలో నిలబడి
ఇవాళ పొద్దున నోరు విప్పింది:
కోతి జ్వరం.

ఇరవయ్యో ప్రశ్న: గత రెండు వారాల్లో అడవికి వెళ్ళారా?
ఆయన భార్యకి ఫోన్ చేశాను.
కన్నడంలో మొదలుపెడితే
"తెలుగొస్తాదా మేడం?" అంది.
బాగేపల్లి యాస. అచ్చం మా అమ్మమ్మ గొంతు.

"అడివికేం పొయ్యేది, లారీతో పొయినాడు.
తీర్థహళ్ళి కాడ వక్క మూటలు ఎత్తేకి.
రాత్రి ఎండుటాకుల మీద పండుకున్నారంట, మెత్తగుందని."

పురుగు కుట్టిందా అని అడగాలి.
ఉణుగు అన్నాను, అక్కడివాళ్ళ మాట. తెలీలేదు.
పిడుదు అన్నాను.
అటువైపు కుక్కరు కూసి, ఆగింది.

"మోకాలెనక మిరియం గింజంత ఉండె.
పులిపిరేమో అనుకుంటి. కాళ్ళు కదిలిచ్చె.
పీకి, బండ మీదేసి చెప్పుతో రుద్దితి.
ఎర్రగా, బొట్టంత మరక.
నీళ్ళు పోసి కడిగేస్తి.
అది ఆయప్ప రగతమే గదా మేడం?"

ఈ ప్రశ్న ఫారంలో లేదు.

"తోడు ఎవరెళ్ళారు?"
"డ్రైవరు సిద్దలింగ. ఇంగ మస్తానని కదిరి పిల్లోడు.
ఈయన పక్కనే పండుకున్యాడంట."

నిర్ధారణ తేదీ కూడా పద్నాలుగు చేసెయ్,
లోపలికి పోతుంది, అన్నాడు సూపర్వైజరు
టీ కప్పు నా టేబుల్ మీదే పెట్టి.
చెయ్యలేదు.
పదకొండు రోజుల్ని ఎక్కడ దాచను?
రిమార్కులో రాశాను: పోయాక తెలిసింది.
గడి ఎర్రగానే ఉంది.

వారం చివర బులెటిన్లో
ఇదంతా ఒక ఒకటి అవుతుంది.
పక్క గడిలో, మరణాలు అన్నచోట, ఇంకో ఒకటి.

మస్తాను నంబరు రెండుసార్లు మోగి ఊరుకుంది.
మూడోసారి ఎత్తాడు.
"ఎవురూ?
జరం పోయిందనుకుంటినే, మల్లా వచ్చె..."
పళ్ళు టకటకమంటున్నాయి.
మార్చి మధ్యాహ్నం. నా నెత్తిమీద ఫ్యాను
వేడిగాలినే తిప్పుతోంది.
ఎక్కడున్నావ్ నాయనా, అన్నాను,
పెన్ను కోసం వెతుక్కుంటూ.