మూడో గడి

యాకోకు ఉత్తరాన, మట్టిబాట తెగిపోయిన చోట
మోపెడ్ ఆపి కాగితాలు తీశాను.
మూడు గళ్ళు: ఊరు, నేల రకం, అనువైన పంట.
నోపోకో నా కాళ్ళవంక చూసి
ముందు ఆ బూట్లు విప్పు, అంది.

వాగు పక్కన నెర్రెలు విచ్చిన నల్లమట్టి.
వానలు వెళ్ళి నాలుగు నెలలైనా
నెర్రెలో చెయ్యి పెడితే లోపల చల్లగా ఉంది.
మా పుట్టింటి నేల ఇలాగే ఉంటుంది, అంది.
ఎర్రజొన్న మనిషిని దాటి పెరుగుతుంది,
వాన మితిమీరితే మాత్రం అదే మట్టి
వేరుని పట్టుకుని ఊపిరాడనివ్వదు.
ఇంకాస్త మీదికెక్కితే ఇసుక.
సజ్జ ఒక్కటే దానితో వేగగలదు,
రెండో వాన రాకపోతే
అలిగి కూర్చుంటుంది గాని చావదు.

కాపురానికొచ్చిన ఏడు
అమ్మ గుడ్డ మూలన కట్టిచ్చిన జొన్నలు
తెలీక ఆ ఇసుకలోనే చల్లిందట.
జానెడు లేచి, పసుపు తిరిగి, ఒరిగిపోయాయి.
అత్తగారు ఒక్క మాటా అనలేదు.
మట్టికింద కాసే గుండ్రటి గింజలు
దోసెడు ఒళ్ళో పోసి
వెళ్ళి పొయ్యి ఊదుకుంది.

తరవాత ఒక కోసిన చేను.
మోళ్ళు బొటనవేలంత లావు, మట్టి గుల్లగా, నల్లగా.
"మంచి రేగడి" అని రాయబోయాను.
ఆమె పడీపడీ నవ్వింది.
ఏడేళ్ళ కిందట ఇది జిపెల్లె:
పెంకులా బిగిసిన తెల్లనేల,
వాన పడితే లోపలికి రానివ్వక
గడపలోంచే పంపేసే నేల.
ఆడవాళ్ళకి పంచేది అలాంటిదే.

ఎండల్లో గుంటలు తవ్వింది, మోచెయ్యి దిగేంత.
గుంటకి గుప్పెడు పేడ, రాలిన ఆకు.
పేడకోసం చెదలొచ్చాయి,
చెదలు తొలిచిన దారుల్లో నీళ్ళు దిగాయి,
నీళ్ళ వెనకే జొన్న.
నాలుగో పంటకి తిరావోగో వచ్చాడు,
భర్తకి పినతండ్రి. చేతికర్రతో చేను నాలుగు మూలలా పొడిచి
ఇది మా తాతది, అన్నాడు.

అంతేనా, అన్నాను.
అంతే, అంది.

పక్కనే ఇంకో తెల్లనేల.
పొట్టి పార అక్కడే పడుంది, పిడి చెమటకి నల్లబడి.
పొద్దుటినించీ ముప్ఫయ్యారు గుంటలు.
ముప్ఫయ్యేడోది నాచేత తవ్వించింది.
మొదటి దెబ్బకి పార ఎగిరి నా ముంజేతిని కొట్టింది.

మూడో గడి ఖాళీగానే ఉంది.
ఇక్కడేం వేస్తారు, అనడిగాను.
ముందు చెదలు, అంది. అవి పండాక జొన్న.

అలాగే రాశాను.
పట్నంలో ఎవరో దానికి ఎర్రసిరాతో సున్నా చుట్టి
పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు.
ఆ కాగితం నాకు చేరేసరికి
జూన్ వచ్చింది.
యాకో వైపు మబ్బు పట్టింది.