ఐదోది

షట్టర్ సగం దించేశాను.
గురువారం. ఏడున్నర.
షిమిజు రేవు మీంచి వచ్చే గాలికి
కొట్టు గాజు తలుపు
వదులైన పన్నులా కదులుతోంది.

కిరోసిన్ స్టవ్ చుట్టూ నాలుగు స్టూళ్లు,
జిగురు వాసన, వేయించిన తేయాకు వాసన.
పైకప్పు దాకా పేర్చిన అట్టపెట్టెల్లో
నలభై నాలుగేళ్ల హగానెమారు
ముక్కలు ముక్కలుగా నిద్రపోతున్నాడు.

"బరువు లేదమ్మా ఇప్పుడు వాడికి,"
అంటాడు మినెగిషి గారు.
ఓడల యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు వెల్డింగ్ చేసిన మనిషి,
ఇనుము మాటెత్తితే
సొంత తమ్ముడి మాటెత్తినట్టుంటుంది.
"మొదటివాడు అడుగేస్తే
మా ఇంట్లో అన్నం గిన్నె మీద మూత అదిరేది.
మోకాలు వంగడానికి మూడు సెకన్లు.
ఆ మూడు సెకన్లూ వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది.
ఇప్పటివాడో, దూదిపింజ.
ఎగురుతాడు, గిరికీలు కొడతాడు,
ఏడుస్తాడు కూడా!"

"ఏడిస్తే తప్పేంటి?"
ఇత్సుకకి పంతొమ్మిది. నర్సింగ్ చదువుతోంది.
"మీవాడు ఊళ్లకు ఊళ్లు తొక్కేశాడు,
ఒక్కసారైనా కిందికి చూశాడా?
పదకొండో సిరీస్‌లో వాడు
కూలిన ఇళ్ల మధ్య మోకరిల్లి
పోయినవాళ్ల పేర్లు చదువుతాడు.
మీరు నేతులు తాగారు సరే,
మా మూతులు వాసన చూడమంటే ఎలా?"

పోస్టాఫీసు కుసుమోతోది వేరే బాధ.
"మూడో సిరీస్‌లో చంద్రుడు పగిలిపోయాడు.
ఏడో సిరీస్‌లో పున్నమి.
ఎవడు అతికించాడు?
ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను."
ఈ వారం కూడా ఎవరూ జవాబు చెప్పలేదు.

"వేళ్ల సంగతి చెప్పు మరి," అన్నాడు పెద్దాయన.
మొదటివాడి చేతికి నాలుగే వేళ్లు.
గీసేవాళ్లకి టైము లేదు, డబ్బు లేదు,
ఒక వేలు మానేస్తే
రాత్రికి ఓ గంట నిద్ర మిగిలేదట.
తర్వాత డబ్బొచ్చింది, వేలూ వచ్చింది.

ఆ మాట అంటూ ఎడమచేత్తో కప్పందుకున్నాడు.
ఆ చేతికీ నాలుగే.
ఇరవై ఆరో ఏట ఇనుప పలక పడిందట.
మత్తు దిగాక కట్టు వైపు చూసుకుంటే
నవ్వాగలేదట, నర్సు భయపడిందట.
ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదు.

"పంతొమ్మిదో ఎపిసోడ్," అంది ఇత్సుక.
"ఏంటి?"
"మూసుకుపోతున్న తలుపుని పట్టుకుంటాడు,
లోపల పిల్లలుంటారు.
చిటికెన వేలు పోతుంది.
కొత్తది పెడతామంటే వద్దంటాడు.
మీరు చూళ్లేదా?"

చూళ్లేదు.
నాలుగో సిరీస్ తర్వాత ఒక్కటీ చూళ్లేదు.
ఇన్ని గురువారాలు
చూడనిదాన్ని తిట్టాడు,
అదీ ఎంత శ్రద్ధగా!
కుసుమోతో నవ్వబోయి, దగ్గాడు.

ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట.
ఐదోది చెత్త.
హగానెమారుకి ఎర్ర రంగు పులిమి,
మాట్లాడే కుక్కనొకదాన్ని భుజమ్మీద కూర్చోబెట్టి,
ఇరవై వారాలకే ఆపేసిన ఐదోది.
దాని పేరెత్తితే ముసలీ పడుచూ
ఒకే నవ్వు నవ్వుతారు.
నేనూ నవ్వుతాను.
కొట్టు నడిపేవాడికి పక్షాలుండకూడదని మా అమ్మ అనేది.

ఆ ఏడు నాకు తొమ్మిది.
మెళ్లో తాడు, తాడుకి తాళంచెవి.
అమ్మ ఇదే కౌంటర్ వెనక,
నాన్న ఏ సముద్రంలోనో ట్యూనా పడవ మీద.
సాయంత్రం ఆరుకి, ఖాళీ ఇంట్లో,
లైటు కంటే ముందు టీవీ వేసేవాణ్ణి.
ఆ కుక్క ప్రతిసారీ ఒకే మాటతో మొదలుపెట్టేది:
"వచ్చేశావా?"
వచ్చేశాననేవాణ్ణి. గట్టిగా.
ఇరవై ఒకటో వారం
ఆ టైముకి వంటల ప్రోగ్రాం వచ్చింది.

తొమ్మిదయింది. స్టూళ్లు మడిచాం.
"ఎన్నో ఎపిసోడ్ అన్నావు?"
మినెగిషి గారు రశీదు వెనక రాసుకున్నాడు,
రెండుసార్లు దిద్దుకున్నాడు.
"చూసే తిడతాను," అన్నాడు.

తలుపు దగ్గర ఇత్సుక వెనక్కి తిరిగి
పై అరలో, రంగు వెలిసిన ఎర్ర పెట్టెని చూసింది.
"అదెంత?"
"అది అమ్మనులే. లోపల ఒక ముక్క తక్కువుంది."

అబద్ధం.
సీలు కూడా తీయలేదు.