గురువారం నాలుగున్నరకి

ట్రియెస్తె రేవులో నా కొలువు
పచ్చి కాఫీ గింజల్ని పళ్ళెంలో పరిచి
పుచ్చినదాన్ని ఏరెయ్యడం.
పందొమ్మిదేళ్ళుగా అదే పని.
ఒక్క పులిసిన గింజ చాలు, బస్తా అంతా కంపు.

ఇంట్లో మాటలు తగ్గి
తలుపుల చప్పుళ్ళు పెరిగాక
ఒందీనా ఒక ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించింది.
మూడు వారాలు దాన్ని చూస్తూనే
పాలు తీసుకున్నాను.

డాక్టర్ కొసూతా గదిలో
మూడు కుర్చీలు, ఒక కుంటి బల్ల,
ముందే తెరిచి పెట్టిన కాగితం రుమాళ్ళు.
చూడగానే చిర్రెత్తింది:
ఏడుస్తామని ఈవిడకెవరు చెప్పారు?

ఒందీనా అంది:
"రాత్రి కిటికీ తలుపులు మూసేస్తావు. నన్నడగవు."
"ఆమె అన్నదే మళ్ళీ చెప్పండి,
జవాబు తర్వాత," అంది డాక్టరు.
ఇంతేనా అనుకుని
"నేనేం చేసినా తప్పేనంటోంది" అన్నాను.
"నేనలా అన్లేదు."
మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాదంది.
నలభై ఏడేళ్ళ మనిషిని
అయిదు మాటలు అప్పజెప్పలేక
కుర్చీలో కూర్చునే
బళ్ళో గోడకుర్చీ వేసినట్టయ్యాను.

"పళ్ళెం ముందు కూర్చున్నట్టే వింటున్నారు,
ఆమె మాటల్లో పుచ్చుగింజ కోసం," అందావిడ,
మందలింపేమీ లేకుండా,
బయట చలిగా ఉందన్నంత మామూలుగా.

నాలుగో గురువారమో, అయిదోదో,
"రాత్రి కిటికీ తలుపులు మూసేస్తావు. నన్నడగవు."
నా నోట అచ్చం అలాగే వచ్చింది.
ఒందీనా నావైపు చూసింది,
పోయిందనుకున్న తాళంచెవి
పాత కోటు జేబులో తగిలినట్టు.
అప్పుడు చెప్పింది, పదకొండేళ్ళలో మొదటిసారి:
చిన్నప్పుడు నీళ్ళమీద పడవ దీపాలు లెక్కపెడుతూ,
అందులో నాన్నది ఏదో వెతుకుతూ నిద్రపోయేదట.
తలుపులు మూసిన గదిలో ఇప్పటికీ
ఎవరో ఇంకా ఇంటికి రానట్టే ఉంటుందట.

నా వంతు వచ్చింది.
ఆరేళ్ళప్పుడు బోరా గాలికి పగిలిన అద్దం,
తమ్ముడి పక్కమీద గాజుపెంకులు.
ఇవి ఒకరికి చెప్పుకునే సంగతులని
నాకెప్పుడూ తోచలేదు.
రుమాళ్ళ పెట్టె ఖాళీ చేసింది నేనే.

అన్నీ బాగుపడ్డాయని అనను.
మొన్న ఆదివారం వాళ్ళ అక్క ముందు
మళ్ళీ గొంతు లేచింది, నాదే.
డాక్టరు ప్రేమనేమీ పొట్లం కట్టివ్వలేదు,
బిల్లు మాత్రం ప్రతివారం ఇచ్చింది.

ఇవాళ మెట్లు దిగి బయటికొస్తే బోరా.
మలుపులో మనిషిని ఎత్తి విసిరేసే గాలి.
మా తాతల కాలంలో ఇలాంటి రోజుల్లో
వీధి పొడుగునా తాళ్ళు కట్టేవారు.
గాలి దాని దారిన అది వీచేది,
జనం తాడు పట్టుకుని ఇళ్ళకు నడిచేవారు.

ఒందీనా ఏదో అంది. గాలి ఎత్తుకుపోయింది.
పాత నేనైతే తలూపేసేవాణ్ణి.
ఆగి, వంగి, చెవి దగ్గర పెట్టి
"మళ్ళీ చెప్పు" అన్నాను.

"ఇంట్లో రొట్టె అయిపోయింది," అంది.

"ఇంట్లో రొట్టె అయిపోయింది," అన్నాను.